పాటకూ సినిమాకూ ఒకే స్పీకర్లు

మా సూళ్లూరుపేటలో పుట్టి పెరిగినవాళ్లకి శబ్దం గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువే. శ్రీహరికోటలోని రెండో ప్రయోగ వేదిక మా ఊరికి తూర్పున, తిన్నగా గీత గీస్తే 22 కిలోమీటర్ల పైమాట. రాకెట్టు లేచే రోజు అందరం మిద్దెలెక్కుతాం. 2023 జులై 14న మధ్యాహ్నం 2.35కి చంద్రయాన్-3 లేచినప్పుడూ అలాగే నిలబడ్డాం. ముందు వెలుగు కనపడుతుంది. నిప్పుముద్ద ఆకాశంలోకి పోతూ ఉంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. పిల్లలు ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటారు. అరవై దాటాక కిటికీ రెక్కలు అదురుతాయి, వంటింట్లో గిన్నెల స్టాండు గలగలమంటుంది. ఇది రాకెట్టు మోత అని అప్పుడు తెలుస్తుంది.

శబ్దం మన ఎండల్లో సెకనుకు సుమారు 350 మీటర్లు నడుస్తుంది. అందుకే ఆ నిమిషం ఆలస్యం. ఇంకో సంగతి కూడా గమనించండి. వేదిక దగ్గర ఆ మోతలో చిటపటలు, గుడ్డ చింపినట్టుండే సన్నని శబ్దాలు అన్నీ ఉంటాయి. మా మిద్దెల దాకా వచ్చేసరికి ఆ సన్నని శబ్దాలను గాలి దారిలోనే మింగేస్తుంది. లావుపాటి ఉరుము ఒక్కటే మిగులుతుంది. బేస్, ట్రెబుల్ అని మనం రోజూ అనే రెండు మాటల మధ్య తేడా ఇదే. బేస్ గోడల్ని దాటుకుని పోతుంది, వస్తువుల్ని అదిరేలా చేస్తుంది. ట్రెబుల్ తొందరగా అలసిపోతుంది, అడ్డం వస్తే ఆగిపోతుంది. మాటలో స్పష్టత మాత్రం ఆ సన్నని భాగంలోనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే స్పీకర్లు కొనడంలో సగం పని అయినట్టే.

ఈ రోజు నా ప్రసంగం దాని గురించే. ఇంట్లో పాటలు వినడానికీ, సినిమాలు చూడడానికీ రెంటికీ పనికొచ్చే స్పీకర్లను ఎలా ఎంచుకోవాలన్నది. చాలా ఏళ్లు బడిలో పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. చిన్నప్పటి నుంచి పాట వినకుండా నిద్రపోయిన రోజు లేదు. ఆ రెండు అర్హతలతోనే మాట్లాడుతున్నాను. కంపెనీల పేర్లు చెప్పను.

మా ఊరి దగ్గర జాతీయ రహదారి పక్కన 2019 ఆగస్టులో వి ఎపిక్ సినిమా హాలు తెరిచారు. తెర వెడల్పు 106 అడుగులు, ఎత్తు 54 అడుగులు. 656 మంది కూర్చునే హాలు. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి, చెన్నై నుంచి కూడా జనం బండ్లేసుకుని వచ్చి చూసిపోతారు. అక్కడ సినిమా చూసొచ్చిన కుర్రవాళ్లు నన్ను ఆపి అడుగుతుంటారు, "సార్, ఇంట్లో అలాంటి సౌండ్ రావాలంటే ఏం కొనాలి?" అని. అదే ఇంట్లో తల్లి అడిగేది వేరు. "మాస్టారూ, పొద్దున సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం, రాత్రికి పాత పాటలు చక్కగా వినపడితే చాలు, ఆ గుద్దుడు నాకొద్దు" అంటుంది. ఇద్దరికీ ఉన్నది ఒకే హాలు, పెట్టగలిగిన డబ్బు ఒక్కటే.

సినిమాకి ఒక రకం స్పీకర్లు, సంగీతానికి ఇంకో రకం అని దుకాణాల్లో గట్టిగా చెబుతారు. నేను ఒప్పుకోను. అందులోనూ మన దగ్గర అసలు ఒప్పుకోను. తెలుగు సినిమాలో పాట లేనిదెప్పుడు? పేలుడు అయిన మరు నిమిషంలో పల్లవి మొదలవుతుంది. కత్తి చప్పుడు పక్కనే వీణ ఉంటుంది. మన సినిమా వినిపించే పెట్టె పాటను పాడు చేస్తే అది సినిమానూ పాడు చేసినట్టే. ఈ రెంటికీ ఉమ్మడి ఆస్తి ఒకటుంది. అది మనిషి గొంతు. మనిషి గొంతును ఉన్నదున్నట్టు పలికించే స్పీకరు పాటకీ పనికొస్తుంది, సినిమాకీ పనికొస్తుంది. గొంతు పలికించలేనిది దేనికీ పనికిరాదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పదిహేనేళ్ల కిందట చెన్నైలో ఒక దుకాణానికి వెళ్లాను. చీకటి గదిలో కూర్చోబెట్టి కార్లు పేలే సన్నివేశం ఒకటి వేశారు. గుండె మీద చేత్తో కొట్టినట్టయింది. అరచేతంత పెట్టెలు ఐదు, కింద పెట్టే ఊఫర్ ఒకటి. ధర కట్టి రైల్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. రాత్రి మా అమ్మ ఘంటసాల పాట పెట్టమంది. పెట్టాను. రెండు చరణాలు విని, "ఈ గొంతు ఆయనది కాదు నాయనా" అని లేచిపోయింది.

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకో తర్వాత కూర్చుని ఆలోచించాను. మగవాడి గొంతులో మూలస్వరం సెకనుకు సుమారు 100 నుంచి 200 కంపనాల మధ్య ఉంటుంది. అరచేతంత పెట్టెలో మూడంగుళాల కోన్ ఉంటుంది. అది ఆ కింది స్వరాలను తేలేదు. కాబట్టి ఆ పని ఊఫర్‌కి అప్పగిస్తారు. ఫలితం ఏమిటి? ఘంటసాల గొంతులో కింది సగం మూలనున్న ఊఫర్ నుంచి, పై సగం టీవీ పక్కనున్న చిన్న పెట్టెల నుంచి వస్తోంది. గొంతు రెండు ముక్కలైంది. గంభీరంగా ఉండాల్సిన మనిషి గాబులోకి వంగి పాడుతున్నట్టుంది. కార్ల పేలుడులో ఇది తెలియదు. కారు పేలితే ఎలా ఉంటుందో మన చెవికి తెలియదు గనక ఏ మోతైనా ఒప్పుకుంటుంది. ఘంటసాల గొంతు ఎలా ఉంటుందో మా అమ్మకి తెలుసు.

స్పీకరు లోపల ఏముందో ఒక్క నిమిషంలో చెబుతాను. అయస్కాంతం మధ్యలో సన్నని తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు గరాటు. కరెంటు అటూ ఇటూ మారినప్పుడల్లా చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది, గరాటు గాలిని నెడుతుంది. అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు 1925లో ఈ పద్ధతిని స్థిరపరిచారు. వందేళ్లు దాటినా మూలసూత్రం మారలేదు. కింది స్వరాలకు ఎక్కువ గాలిని నెట్టాలి, అందుకు పెద్ద గరాటు. పై స్వరాలకు చురుకుగా కదలాలి, అందుకు గోళీకాయ కంటే కాస్త పెద్దదైన చిన్న గుమ్మటం. అదే ట్వీటర్. ఈ రెండూ ఒకే పెట్టెలో ఇమిడి గొంతంతా ఒకే చోటు నుంచి రావాలి.

అందుకని నా మొదటి సలహా. ఐదు చిన్న పెట్టెల సెట్టు వద్దు. అదే డబ్బుతో రెండు మంచి పెట్టెలు కొనండి. ఒక్కో దాంట్లో ఐదు నుంచి ఆరున్నర అంగుళాల ఊఫర్, ఒక ట్వీటర్ ఉంటే చాలు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లంటారు వాటిని. నిలువెత్తు టవర్లు కూడా ఉంటాయిగాని, పన్నెండు అడుగుల హాలుకి అవి అక్కర్లేదు. మిగతావన్నీ తర్వాత ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.

కొనేటప్పుడు ఏం పెట్టి వినాలి? నా దగ్గరొక పద్ధతి ఉంది. బాలసుబ్రహ్మణ్యంగారి పాటలు తీసుకెళ్తాను. 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టి నెల్లూరులో పెరిగిన మనిషి, మా ప్రాంతం వాడన్న అభిమానం ఉన్నమాట నిజమే. దానికి మించిన కారణం ఇంకొకటుంది. శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న కోసం ఆయన 1966 డిసెంబరులో మొదటి పాట పాడారు. 2020లో పోయేదాకా పాడుతూనే ఉన్నారు. ఒకే గొంతు మోనో రికార్డింగులో ఉంది, స్టీరియోలో ఉంది, డిజిటల్‌లో ఉంది. మూడు కాలాల పాటలు మూడు తీసుకుని వరసగా వినండి. రికార్డింగు మారడం తెలియాలి, మనిషి మాత్రం మారకూడదు. పల్లవి అందుకునే ముందు తీసుకునే ఊపిరి వినపడాలి. చిరునవ్వుతో పాడిన మాటలో నవ్వు వినపడాలి. శ, ష, స మూడూ విడివిడిగా పలకాలి, పాములా బుసకొట్టకూడదు. 1980లో వచ్చిన శంకరాభరణం పాట ఒకటి పెట్టి మృదంగం మీద చెవి పెట్టండి. కుడి వైపు దెబ్బ టంగుమని తేటగా ఆగాలి, ఎడమ వైపు గుంకారం లావుగా వచ్చి దాని మానాన అది తగ్గిపోవాలి. రెండు వైపులూ కలిసి ఒకటే దబదబ అయితే ఆ పెట్టె వద్దు.

మోనో పాటతో ఇంకో పరీక్ష ఉంది. డెబ్బైల దాకా వచ్చిన మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోనే. అంటే రెండు స్పీకర్లలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే వస్తుంది. అప్పుడు గాయకుడు ఎక్కడ నిలబడాలి? రెండు పెట్టెలకీ నట్టనడుమ, ఏ పెట్టే లేని చోట. కళ్లు మూసుకుంటే వేలు పెట్టి చూపించగలగాలి. గొంతు నడుమ నిలవకుండా అటూ ఇటూ పరచుకుపోయి, బేస్ కూడా పలచబడిందంటే ఒక స్పీకరుకి తీగలు తిరగబడ్డాయన్నమాట. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు ఉండాలి. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఎంతోమంది ఇళ్లలో ఏళ్ల తరబడి ఇలాగే ఉండిపోవడం నేను చూశాను. రెండు నిమిషాల్లో సరిచేసి అదే పాట మళ్లీ పెడితే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

మా ఊరివాళ్లకి ఒక సౌకర్యం ఉంది. పొద్దున లోకల్ రైలెక్కితే చెన్నై చేరి, మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీటంతా తిరిగి, సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఒక్క పూటలో కొనేయాలని వెళ్లకండి. మొదటిసారి వినడానికే వెళ్లండి. రెండు జతలు పోల్చేటప్పుడు రెంటి శబ్దమూ సమానంగా పెట్టమని అడగండి. కాస్త గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది. అమ్మేవాళ్లకి ఇది బాగా తెలుసు.

వాట్ల సంగతి కూడా చెప్పాలి. డబ్బా మీద వేలల్లో వాట్లుంటాయి, పక్కన పీఎంపీఓ అని ఉంటుంది. ఆ అంకెకు అర్థం లేదు. ఆర్ఎంఎస్ వాట్లెంతో అడగండి. అంతకంటే ముఖ్యం సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందన్నది ఆ అంకె. మామూలుగా 85 నుంచి 90 ఉంటుంది. మూడు డెసిబెల్స్ తగ్గితే అంత శబ్దానికే రెండింతల వాట్లు పెట్టాలి. 87 ఉన్న జత స్పీకర్లను పది అడుగుల దూరం నుంచి ఇంట్లో హాయిగా వింటున్నప్పుడు అవి తీసుకునేది ఒక్క వాటు కూడా ఉండదు. సినిమాలో ఒక్కసారిగా ఇరవై డెసిబెల్స్ పైకి లేచినప్పుడు దానికి నూరింతలు కావాలి. యాంప్లిఫైయర్‌లో యాభై, నూరు వాట్లుండేది ఆ క్షణం కోసమే.

ఇప్పుడు గది. నన్నడిగితే స్పీకరు కంటే గదే ముఖ్యం. మన హాళ్లు ఎలా ఉంటాయి? పైన స్లాబు, కింద టైల్సో గ్రానైటో, చుట్టూ సున్నం గోడలు. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. టంగ్ మని లోహం మోగినట్టు తోక వస్తే మీ హాలు ప్రతి మాటనూ రెండుసార్లు పలుకుతోందన్నమాట. ఎన్ని లక్షలు పోసినా ఆ హాల్లో మాట తేటపడదు. కింద ఒక జంపఖానా పరచండి. కిటికీలకు మందపాటి పరదాలు వేయండి. ఎదురు గోడకి పుస్తకాల బీరువా పెట్టండి. నేనొక రోజు పరుపు తెచ్చి గోడకి ఆనించి చూశాను. నేను తిట్టుకుంటున్న ఆ చెన్నై సెట్టే సగం బాగుపడింది. తప్పు పూర్తిగా దానిది కాదని ఆ రోజే తెలిసింది.

గది కొలతకీ బేస్‌కీ లెక్క ఉంది. గోడ నుంచి గోడకి పన్నెండు అడుగులుంటే సెకనుకు 47 కంపనాల దగ్గర గది తానే మోగుతుంది. పది అడుగులైతే 56 దగ్గర. పొడవూ వెడల్పూ సమానమైన చదరపు గదిలో రెండు మోతలూ ఒకేచోట పడి అక్కడ బేస్ ఉబ్బిపోతుంది. అందుకే చదరపు గది ఉంటే, పొడవాటి గది ఇంకొకటి దొరికితే దాన్నే ఎంచుకోండి. మేస్త్రీతో గోడలో గూళ్లు కట్టించి వాటిలో స్పీకర్లు దూర్చే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది. దయచేసి అలా పెట్టకండి. గూట్లో పెట్టిన స్పీకరు కుండలో పెట్టిన నోరు లాంటిది. గోడకి జానెడైనా ఎడంగా, స్టాండు మీద, ట్వీటరు కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకి వచ్చేట్టు పెట్టండి. రెండు పెట్టెల మధ్య ఎంత దూరముందో, మీకూ వాటికీ మధ్య అంతే ఉండాలి.

రెండు పెట్టెలు కుదిరాక సినిమా కోసం ఏం చేర్చాలి? నేనైతే ముందు మధ్య స్పీకరు చేరుస్తాను. సినిమా హాల్లో మాటలు తెర వెనక నుంచి వస్తాయి. తెరకి కంటికి కనపడనంత చిన్న చిల్లులుంటాయి, వాటిలోంచి. అందుకే నటుడి పెదవుల నుంచే మాట వచ్చినట్టుంటుంది. టీవీకి చిల్లులు పెట్టలేం కాబట్టి మధ్య స్పీకరు దాని కింద పెడతాం. ఒక్కరే నడుమ కూర్చుని చూస్తే ఇది లేకపోయినా ఫరవాలేదు. మనిళ్లలో ఒకరు సోఫాలో, ఒకరు కింద చాప మీద, నాయనమ్మ ఓ మూల కుర్చీలో. ఓ మూల ఉన్నవాళ్లకి దగ్గరి పెట్టె ఒక్కటే వినపడుతుంది, మాట పక్కకి జారిపోతుంది. వయసు మీదపడినవాళ్లకి సన్నని శబ్దాలు ముందు తగ్గుతాయి. శబ్దం వినపడుతుంది, మాట అర్థం కాదు. మధ్య స్పీకరు వాళ్ల కోసం. అది ముందు రెండు స్పీకర్లతో పాటు వచ్చే శ్రేణిలోదే అయి ఉండాలి. లేకపోతే మనిషి నడుచుకుంటూ తెర అటు నుంచి ఇటు వచ్చేసరికి గొంతు మారిపోతుంది.

ఆ తర్వాత సబ్‌ఊఫర్. సెకనుకు 80 కంపనాల కిందివి దానికి వదిలి, పైవన్నీ ముందు స్పీకర్లకే ఉంచండి. 80 దగ్గర శబ్దతరంగం పొడవు నాలుగు మీటర్ల పైనే ఉంటుంది, కాబట్టి అది ఏ మూల నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. గొంతు చీలిపోయే బెడద ఉండదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఒక సులువుంది. మీరు కూర్చునే చోట దాన్ని పెట్టి, పాట వేసి, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ఎక్కడ బేస్ సమంగా, గట్టిగా, ఉబ్బకుండా వినపడుతుందో అక్కడ దాని స్థానం. దాని శబ్దం ఎంత పెట్టాలో తెలుసా? పాట వింటున్నప్పుడు సబ్‌ఊఫర్ ఉన్నట్టే తెలియకూడదు, తీసేస్తే మాత్రం ఏదో పోయినట్టుండాలి. రాత్రి పది దాటాక తగ్గించేయండి. రాకెట్టు మోత మన కిటికీల దాకా వచ్చినట్టే మీ బేస్ పక్కింటి గోడ దాటుతుంది, అక్కడ పరీక్షలకి చదువుకునే పిల్లలుంటారు.

వెనక స్పీకర్లు ఆఖరున. పైకప్పు నుంచి వినిపించే అట్మాస్ స్పీకర్ల కోసం స్లాబుకి రంధ్రాలు వేయించే ముందు, మిగతావన్నీ మనసుకి నచ్చాయో లేదో ఏడాది పాటు విని చూసుకోండి.

సముద్రం పక్క ఊళ్లవాళ్లకి ఒక ప్రత్యేకమైన మాట. గరాటు చుట్టూ మెత్తని అంచు ఉంటుంది. కొన్నిటికి ఫోమ్‌తో, కొన్నిటికి రబ్బరుతో చేస్తారు. మా పక్కింటివాళ్ల పాత స్పీకరు మోగడం లేదంటే విప్పి చూశాను. ఫోమ్ అంచు మీద వేలు ఆన్చగానే తడిసిన అట్టలా చిదికిపోయి వేలికి అంటుకుంది. తీగ చివర్లో రాగి పచ్చగా చిలుము పట్టింది. పులికాట్ సరస్సు మీదుగా వచ్చే ఉప్పుగాలి, చెమ్మ చేసే పని అది. కాబట్టి రబ్బరు అంచు ఉన్నవే అడిగి తీసుకోండి. ఆరునెలలకోసారి తీగ చివర కొంచెం కోసి, కొత్త రాగి మెరిసేలా ఒలిచి మళ్లీ బిగించండి. ఖరీదైన తీగలు అక్కర్లేదు, ఇంటి వైరింగుకి వాడే రెండున్నర ఎంఎం మంచి రాగి వైరు చాలు.

ఆ చెన్నై సెట్టు తర్వాత రెండేళ్లకి ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నాను. వాటిని వినడానికి అమ్మని కూడా వెంట తీసుకెళ్లాను. ఈసారి ఆవిడ పాట పూర్తయ్యేదాకా కదల్లేదు. మీరు కొనబోయే రోజున కూడా మీ ఇంట్లో పెద్దవాళ్లను రైలెక్కించి తీసుకెళ్లండి. వాళ్లు చిన్నప్పటి నుంచి వింటున్న పాట ఒకటి పెట్టించండి, శబ్దం బాగా తగ్గించి సినిమా మాటలు నాలుగు వినిపించండి. గొంతు ఆయనదేనా, మాట తెలుస్తోందా అని అడగండి. వాళ్లు అవునంటేనే డబ్బు కట్టండి.